కడిగిన పొట్టు

డెబ్బయ్యొకటో సంవత్సరం డిసెంబరులో జరిగిన యుద్ధం మీద నా దగ్గర తొమ్మిది పుస్తకాలు ఉన్నాయి. మూడు ఇంగ్లీషువి, ఒకటి కన్నడం, మిగిలినవి తెలుగు. అన్నింటినీ పెన్సిలు చేతబట్టుకొని చదివాను. ఏ పటాలం ఏ రోజున ఏ నది దాటిందో వాటిలో ఉంది. ఒక దళాధిపతి ఏ పూట ఏ పలహారం తిన్నాడో కూడా ఒకదానిలో ఉంది. ఆ పద్నాలుగు రోజులు ఆదోనిలో అన్నం ఏ నిప్పు మీద ఉడికిందో మాత్రం ఒక్క గ్రంథకర్త అయినా రాయలేదు. వారిలో ఒకాయన కిరసనాయిలు దొరకలేదని ఒక ముక్క రాసి, "ప్రజలు సహనంతో సహకరించారు" అని దాటిపోయాడు. ఆ వాక్యం పక్కన మార్జిన్‌లో "ఎవరు? ఎట్లా?" అని రాసిపెట్టాను. పదిహేనేళ్ళు గడిచాయి. జవాబు రాసే ఉద్దేశం ఎవరికీ ఉన్నట్టు లేదు కనుక, ఉన్న కాగితాలు ముందు పెట్టుకొని నేనే రాస్తున్నాను.

సహకరించిన ఆ ప్రజలలో ఒకరి పేరు దేవకి.

దేవకి ఎమ్మిగనూరు పిల్ల. తండ్రి వెంకటరామయ్య అక్కడ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడు. వారి ఇల్లు మగ్గాల వీధిలో ఉండేది. ఎస్సెస్సెల్సీ ప్యాసైంది. ఆ ఏడు మే నెలలో పెళ్ళయి, జూన్‌లో ఆదోనిలో మా ఇంటి వెనుక భాగంలోకి కాపురానికి వచ్చింది. వచ్చిన వారానికే, "ఈ వీధి బొత్తిగా పలకదు అయ్యవారూ, మగ్గాల చప్పుడు లేక నాకు నిద్ర పట్టేది లేదు" అని నాతో ఫిర్యాదు చేసింది. అద్దె ఒప్పందంలో చప్పుడు సరఫరా చేస్తానని నేనెక్కడా రాయలేదని చెప్పాను.

ఆమె భర్త వాదిరాజ ఒక జిన్నింగు ఫ్యాక్టరీలో టైమ్ కీపరు. మంచివాడు, చదువుకున్నవాడు, గడియారం చూడకుండా తుమ్మడానికి కూడా ఇష్టపడనివాడు. తండ్రి భీమసేనరావు మంత్రాలయంలో దైవసేవలో ఉన్న మనిషి. మడి ఆచారాలలో ఆయనకు సాటి వచ్చేవారు తుంగభద్రకు ఈ ఒడ్డున లేరని అందరూ అనేవారు, ఆయనా కాదనేవాడు కాదు.

మా అద్దె ఒప్పందం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో నాలుగో నిబంధన, వెనుక భాగంలో కట్టెల పొయ్యి పెట్టరాదని. మిద్దె దూలాలకు పొగ పడుతుందని ఆ నిబంధన రాసింది నేనే. కనుక వారిది బత్తీల స్టవ్వు మీది కాపురం. బత్తీల స్టవ్వుకు కిరసనాయిలు కావాలి. కిరసనాయిలుకు రేషన్ కార్డు కావాలి. కార్డులో దేవకి పేరు ఎక్కాలంటే ముందు ఎమ్మిగనూరులో పుట్టింటి కార్డు నుంచి ఆ పేరు కొట్టేసినట్టు కాగితం రావాలి. ఆ కాగితం కోసం నేను నా చేత్తో రాసిన అర్జీల నకళ్ళు మూడు ఉన్నాయి, వచ్చిన జవాబు ఒక్కటీ లేదు. ఆరు నెలలుగా ఆదోనిలో కాపురం చేస్తున్న స్త్రీ సర్కారు దృష్టిలో ఇంకా ఎమ్మిగనూరులో కూర్చొని భోంచేస్తూనే ఉంది. ఇది నాకు ఈనాటికీ మింగుడు పడని విషయం. దేవకి మాత్రం నవ్వేది.

"తినేది ఆడ, ఆకలి అయ్యేది ఈడ. పోనీలెండి అయ్యవారూ, మా అమ్మ నా వంతు కూడా తిని బాగుంటుంది."

యుద్ధం వస్తుందన్న మాట పుట్టగానే ఒక్క మనిషికి వచ్చే ఆ కాస్త కిరసనాయిలు కూడా ఆగిపోయింది. దుకాణం ముందు జనం డబ్బాలను వరుసలో పెట్టి, తాము ఎదుటి అరుగుల నీడన కూర్చునేవారు. వాదిరాజ డబ్బా మూడు రోజులు వరుసలో నిలబడి, నాలుగో రోజు ఖాళీగా ఇంటికి వచ్చింది. కట్టెలు కొందామంటే ఊరంతా కట్టెల అడితి మీద పడింది. పైగా నా నాలుగో నిబంధన ఒకటి ఉండనే ఉంది.

అప్పుడు దేవకికి ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దేవారు గుర్తుకు వచ్చారు. వాళ్ళు రంగు కాగులు కాచేది పొట్టు పొయ్యిల మీద. మా ఆదోనిలో వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులకు తక్కువ లేదు. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. బుడ్డల పొట్టు మిల్లుల వెనుక గుట్టలుగా పడి ఉండేది, గోతాలకు ఎత్తుకొని పోతే మిల్లువాళ్ళు సంతోషించేవారు. దేవకి ఒక పెద్ద వనస్పతి డబ్బా సంపాదించి, అడుగున పక్కకు ఒక కంత కొట్టించింది. డబ్బా నడుమ రోకలి నిలబెట్టి, కంతలో నుంచి చపాతీ కర్రను దానికి తగిలేటట్టు దూర్చి, చుట్టూ పొట్టు పోసి చేత్తో, కాలితో గట్టిగా కూరేది. తర్వాత రోకలిని పైకీ కర్రను పక్కకీ మెల్లగా లాగితే పొట్టులో ఒక గొట్టం లాంటి దారి మిగిలేది. కింద కంతలో నుంచి నిప్పు అంటిస్తే మంట ఆ దారిన పైకి వచ్చేది. పొగ దాదాపు లేదు. నేను స్వయంగా దూలాలకు తెల్లగుడ్డ రుద్ది చూసి, నాలుగో నిబంధనకు భంగం లేదని ఒప్పుకున్నాను.

ఆ పొయ్యికి ఒకటే గుణం, దాన్ని దోషమన్నా అనవచ్చు. ఒకసారి వెలిగితే రెండు గంటల దాకా ఆరదు. నడుమ ఆర్పితే కూరిన దారి కూలిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి కూరుకోవాలి. వెలిగిందంటే అన్నం, పప్పు, చారు, స్నానానికి నీళ్ళు, అన్నీ వరుసగా అయిపోవాలి. వాదిరాజ దీనికొక టైమ్ టేబులు తయారుచేసి వంటింటి గోడకు అంటించాడు. "మొదటి ఇరవై అయిదు నిమిషాలు: అన్నం. తర్వాత ఇరవై అయిదు: పప్పు. తర్వాత పదిహేను: చారు" అని ఎర్ర సిరాతో గీతలు గీసి ఉంటుంది. వాళ్ళు గోడకు సున్నం వేయించినప్పుడు నేనా కాగితాన్ని జాగ్రత్తగా ఊడదీసి దాచాను. అడుగున పెన్సిలుతో దేవకి చేతిరాత ఉంది: "మంటకు చదువు రాదు."

మా ఇళ్ళ నడుమ ఒక్క గోడే కనుక వారి సంభాషణలు వినడానికి నేను ప్రయత్నించవలసిన అవసరం ఉండేది కాదు.

"పప్పు దించు. ఇరవై అయిదు అయింది."

"ఉడకలేదండి."

"అయినా టైము అయిపోయింది గదా."

"యుద్ధమని మీ ఫ్యాక్టరీలో సైరను ఆపినారు సరే. దానికి బదులు ఇంట్లో మీరు కూయాల్నా?"

పొయ్యి వెలుగుతున్నంతసేపూ వారు పోట్లాడుకోలేకపోయేవారు. చేతులు ఖాళీ ఉండవు. ఆరిన తర్వాత పోట్లాడుకుందామంటే కడుపు నిండి ఉండేది. వంట అంతా అయిపోయినా ఇంకా నిప్పు మిగిలిందంటే దేవకి పెరటి గోడ దగ్గర నిలబడి, "మల్లమ్మా, మంట ఉంది రా" అని పిలిచేది. రెండు బర్రెలు పెట్టుకొని పాలమ్మే మల్లమ్మ కాచి ఇమ్మని గోడ మీదుగా పాలతపేలా అందించేది. పోతూ పోతూ దేవకి ఇచ్చే పొట్టును గంపకెత్తుకొని పోయి దూడ కింద పరిచేది. ఈ రాకపోకలను ఇక్కడ నమోదు చేయడానికి కారణం ఉంది, ముందు ముందు తెలుస్తుంది.

ఒక శనివారం గోతంలో పొట్టు అయిపోయింది. మిల్లుకు సెలవు. దేవకి ఇంత బెల్లంముక్క, అరటిపండు తిని సరిపెట్టుకుంది. వాదిరాజ ఆకలికి ఓర్వలేక సాయంత్రం బస్టాండు ఎదుట హోటలులో ఉగ్గాని తిన్నాడు. నానబెట్టిన బొరుగులకు పోపు పెట్టి, మిరపకాయ బజ్జీలతో ఇచ్చే ఆ పలహారం తినని మనిషి ఆదోనిలో లేడు. భీమసేనరావు కొడుకు తినడం వేరు. అప్పుడే మంత్రాలయం నుంచి బస్సు దిగిన ఎవరో చూశారు. అయిదో రోజున ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. మామూలు తపాలా బిళ్ళ పక్కన శరణార్థుల సహాయం కోసం అదనంగా అంటించిన అయిదు పైసల బిళ్ళ ఉంది. వాదిరాజ దాన్ని నాకు ఇచ్చి చదవమన్నాడు, తిరిగి తీసుకోలేదు.

"చిరంజీవి వాదిరాజకు ఆశీస్సులు. ఇక్కడ అందరమూ క్షేమం. నీవు గత శనివారం బస్టాండు వద్ద హోటలులో ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నావని తెలిసింది. రెండు అని చూసినవారు చెప్పినారు. వంట చేసుకోలేని కాపురం కాపురం కాదు. ఏకాదశి సాయంత్రానికి నేను అక్కడికి వస్తాను. ద్వాదశి పారణ మీ ఇంట్లోనే. కిరసనాయిలు స్టవ్వు మీద వండినది నేను ముట్టనని నీకు తెలుసు. అన్నీ సక్రమంగా ఉంటే సరి. లేనియెడల యుద్ధం ముగిసి వస్తువులు దొరికేవరకు దేవకి ఇక్కడ మా వద్ద ఉంటుంది, నీవు ఎవరింటనైనా వారాలు చేసుకో. ఆ ఉదయం ఎనిమిది గంటల బస్సుకే ఆమెను తీసుకొని బయలుదేరుతాను."

ఏకాదశి నాడు మా ఇళ్ళలో మంచినీళ్ళైనా ముట్టని ఉపవాసం. మరునాడు ద్వాదశి, సూర్యోదయం కాగానే భోజనం చేసి ఉపవాసం విడవాలి. పారణ అంటే అదే. ఆ రోజుకు అదొక్కటే భోజనం. చింతపండు వాడకూడదు, ఉసిరికాయ, అవిశాకు ఉండాలి. ఇవన్నీ దేవకికి తెలిసినవే. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో మాత్రం ఆమెకు తెలియదు, పత్రికలకూ తెలియదు. ఆరు నెలల కాపురం ఎనిమిది గంటల బస్సు ఎక్కుతుందా లేదా అన్నది ఒక్క పూట వంట మీద నిలిచింది.

మా కట్టెల పొయ్యి మీద వండుకోమని నేను అన్నాను. దేవకి ఒప్పుకోలేదు.

"మీ పొయ్యి మీద వండితే మీ కాపురం సక్రమంగా ఉన్నట్టు అవుతుంది అయ్యవారూ. మాది తేలదు. మీరు కూడా పారణకు మా ఇంటికే రండి. ఇద్దరు పెద్దలకు వడ్డించినట్టు ఉంటుంది."

ఏకాదశికి ముందురోజే ఇద్దరూ కలిసి మిల్లు నుంచి రెండు గోతాల కొత్త పొట్టు తెచ్చుకున్నారు. ఎండిన పొట్టు, చేత్తో నలిపితే గలగలమనేది. ఏకాదశి నాడు వాదిరాజ సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. దేవకి ఉసిరికాయలకూ అవిశాకుకూ బజారుకు పోయింది. సెలవు దినాన, ఖాళీ కడుపుతో, ఒంటరిగా ఉన్న పురుషుడికి ఆలోచనలు వస్తాయి. వాదిరాజకు వచ్చిన ఆలోచన ఇది: ఈ పొట్టును మిల్లులో నలుగురూ తొక్కారు, గోనెసంచులలో ఎవరెవరో మోశారు. నాయన అడిగేది మొదట మడి గురించే. ఉతికి ఆరేస్తే బట్ట మడి అవుతుంది. పొట్టు ఎందుకు కాదు?

మధ్యాహ్నం మూడు గంటలకు బావి దగ్గర చేద చప్పుడు ఎడతెగకుండా వినిపించింది. నేను యుద్ధవార్తలు చదువుకుంటూ, బట్టలు ఉతుకుతున్నాడనుకున్నాను. కొంతసేపటికి తల నుంచి కాలి దాకా తడిసి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"అయ్యవారూ, పొట్టు కడిగి మిద్దె మీద ఆరబోసినాను. మడికి మడి, శుభ్రానికి శుభ్రం."

"ఎండుతుందా?" అన్నాను.

గడియారం చూసుకున్నాడు. "ఐదున్నర దాకా ఎండ ఉంటుంది."

అగ్నిలో పడేదానికి మడి ఏమిటని నేను అప్పుడే అడిగి ఉండాలి. ధర్మశాస్త్ర గ్రంథాలు మా ఇంట్లో రెండు బీరువాల నిండా ఉన్నాయి. కాని నా కళ్ళు పత్రిక మీద ఉన్నాయి. ఎక్కడో నది దాటుతున్న పటాలాల ధ్యాసలో పడి, నా మిద్దె మీద తడుస్తున్న కాపురాన్ని పట్టించుకోలేదు. ఆ తప్పు నాది.

దేవకి బజారు నుంచి తిరిగి వచ్చేసరికి వాకిట్లో టాంగా ఆగి ఉంది. భీమసేనరావు గొడుగు పట్టుకొని దిగుతున్నాడు. ఆమె మామగారికి కాళ్ళకు నీళ్ళిచ్చి, పెరట్లోకి వచ్చి, మిద్దె వైపు చూసింది.

"మిద్దె మీద ఏమి ఆరబోసినారు?"

"పొట్టు."

"ఎండు పొట్టే గదా, మళ్ళీ ఎందుకు ఆరబోసేది?"

"కడిగినాను."

"ఎంత కడిగినారు?"

"రెండు గోతాలు."

"మిగిలింది ఎంత?"

"ఏం మిగల్లేదు. సగం కడిగి సగం వదిలేస్తే అదేం మడి?"

దేవకి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గోడ వైపు తిరిగింది. భుజాలు అదిరాయి. అది నవ్వా, ఏడుపా అని ఆ తర్వాత చాలా ఏళ్ళకు అడిగాను. "రెండూ వచ్చినాయి అయ్యవారూ, ఏది ముందు వచ్చిందో గుర్తులేదు" అన్నది.

లోపల భీమసేనరావు ఇల్లంతా కలయజూశాడు. తులసికోట, దేవుడి గూడు, దండెం మీద ఎవరి చేతికీ అందని ఎత్తున ఆరుతున్న మడిబట్టలు, అన్నీ చూసి తల పంకించాడు. అంతలోనే అన్నాడు: "అంతా బాగానే ఉంది తల్లీ. అయినా ఎందుకైనా మంచిది, నీ పెట్టె సర్దుకొని గడప దగ్గర పెట్టుకో. పొద్దున హడావిడి పడేకంటే మేలు."

దేవకి తన ట్రంకుపెట్టె సర్దింది. తాడు కట్టించి గడప పక్కన పెట్టించింది. తర్వాత దీపాలు పెట్టే వేళకు ఒక గిన్నెలో పెసరపప్పు నానబోసింది. వాదిరాజ అది చూసి, నానబెట్టిన పప్పు తొందరగా ఉడుకుతుందని మెచ్చుకున్నాడు.

ద్వాదశి తెల్లవారింది. భీమసేనరావు బావి దగ్గర స్నానం ముగించి దేవుడి ముందు కూర్చున్నాడు. వంటింట్లో దేవకి మడిచీర కట్టుకొని, మిద్దె మీద నుంచి పొట్టు దింపించి చేత్తో పిండి చూసింది. మంచు కూడా పడడంతో పొట్టు నిన్నటికంటే బరువెక్కింది. అయినా కూరి అంటించింది. మంట రాలేదు. పొగ వచ్చింది. నా దూలాల వైపు పోయింది. నేను చూసీ చూడనట్టు ఉన్నాను.

వాదిరాజ విసనకర్రతో విసురుతూ, "ఇంకో పది నిమిషాలు" అన్నాడు. పది నిమిషాల తర్వాత కూడా అదే మాట అన్నాడు.

దేవకి లేచి పెరటి గోడ దగ్గరికి పోయింది.

"మల్లమ్మా, మొన్న దూడ కోసమని తీసుకొని పోయిన పొట్టు ఏమైనా మిగిలిందా?"

"గంపెడు అట్లనే ఉండాది, సూరు కింద పెట్టినా. ఏంది దేవకమ్మా ఆ పొగ, దోమలకా?"

"పారణకు. మీ అయ్యగారు పొట్టుకు స్నానం చేయించినారు."

మల్లమ్మ గోడ మీదికి తల ఎత్తి, విసనకర్రతో కూర్చున్న వాదిరాజను ఒకసారి చూసింది. "పొట్టుకు నీళ్ళు పోసినాడా? మా దూడ పోస్తాది అప్పుడప్పుడు. దానికంటే తెలీక" అని, గంప అందించింది.

తడి పొట్టును గుమ్మరించి, ఎండు పొట్టు కూరి, దారి తీసి అంటించేసరికి ఏడు గంటలైంది. మంట చక్కగా లేచింది. కాని వండడానికి ఇంకా గంటన్నర కావాలి. బస్సు ఎనిమిదికి. భీమసేనరావు పూజ ముగించి, "తల్లీ, ఆకు వేస్తావా" అని పిలిచాడు.

ఆకులు రెండు పడ్డాయి. ఒకటి ఆయనకు, రెండోది నాకు. కనుక ఇక మీద నేను రాసేది విన్నది కాదు, ఆకు ముందు కూర్చొని కళ్ళారా చూసినది.

దేవకి వడ్డించింది. నానిన పెసరపప్పులో కొబ్బరి, దోసకాయ ముక్కలు కలిపిన కోసంబరి. పచ్చిగా రుబ్బిన ఉసిరికాయ పచ్చడి. పెరుగులో నానిన అటుకులు. ఒక అరటిపండు. నిప్పు అవసరమైనది ఆకులో ఒక్కటీ లేదు. భీమసేనరావు ఆకు వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు, ఆపోశనం పట్టి తినడం మొదలుపెట్టాడు. ఒక రోజంతా ఎండిన కడుపుకు ఉసిరికాయ ఎంత హితమో ఆయన ముఖంలో కనిపించింది. అన్నీ శుభ్రంగా తిన్నాడు. భోజనం ముగిసిందనడానికి చివర అరచేతిలో నీళ్ళు పోయించుకొని తాగే ఉత్తరాపోశనం కోసం చేయి చాచాడు.

దేవకి చెంబు ఎత్తలేదు.

"ఉత్తరాపోశనం పట్టకండి మామా. అన్నం వస్తాంది."

ఆయన చేయి చాచినట్టే ఉంది. "ఎంతసేపు?"

"వచ్చేస్తాంది. మీరు ఆకు ముందు నుంచి లేస్తే భోజనం అయిపోయినట్టు, ఈ రోజుకు మళ్ళీ తినేదానికి లేదు. కూర్చుంటే ఇంకా అవుతాన్నట్టే. కోడలి ఇంటికి వచ్చి ద్వాదశి నాడు అన్నం మెతుకు లేకుండా లేస్తారా?"

ఇందులో ఒక్క అక్షరం కూడా శాస్త్రానికి విరుద్ధం కాదు. ఆమె మామగారికి ఈ విషయం అందరికంటే బాగా తెలుసు. ఎంగిలిచేత్తో ఆకు ముందు కూర్చున్న మనిషి గొడుగు అందుకోలేడు, పెట్టె ఎత్తించలేడు, బస్సు ఎక్కలేడు. నేనూ అదే స్థితిలో ఉన్నాను కనుక సానుభూతితో ఆయన వైపు చూశాను.

"ఏమిరా వాదీ, ఆ పొగ వాసన ఏమిటి?" అన్నాడు ఆయన, వేరే పనేమీ లేక.

వాదిరాజ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "తడి పొట్టు నాయనా."

"డిసెంబరులో వాన పడిందా?"

"కడిగినాను. మీరు మడి అడుగుతారని."

భీమసేనరావు కొడుకును చాలాసేపు చూశాడు. "కిరసనాయిలు దొరికి ఉంటే దానిని కూడా కడుగుతాంటివా?"

వంటింట్లో గరిటె కింద పడిన చప్పుడైంది. దేవకి లోపల నవ్వుతోందని మాకందరికీ తెలిసింది.

"మరి ఇప్పుడు మండుతాండేది?"

ఈసారి జవాబు వంటింట్లో నుంచి వచ్చింది. "అది మల్లమ్మ ఇంట్లో మిగిలిన మన పొట్టే మామా. దూడ కోసం పెట్టుకున్నది. కడగనిది."

పెద్దాయన ఎడమచేత్తో మీసం లేని పెదవి తుడుచుకున్నాడు.

"అగ్నికి మడేమిటిరా? దానిలో పడిన తర్వాతే ఏదైనా మడి. ఇది చెప్పడానికి ఈ ఇంట్లో ఎవరూ లేకపోయినారా?" అని నా వైపు తిరిగాడు. నేను నా ఆకులోని అరటితొక్కను పరిశీలించాను.

అన్నం వచ్చింది. తర్వాత అవిశాకు పప్పు పొయ్యి ఎక్కింది. అన్నం వట్టిది తినలేం కదా, పప్పు కోసం కూర్చున్నాం. వాదిరాజ అలవాటు మానుకోలేక, "ఎనిమిదికి పది నిమిషాలు ఉంది" అన్నాడు. దేవకి వంటింటి గడపలో నుంచి చూసిన చూపుకు గోడ మీది టైమ్ టేబులు రాలిపడవలసింది.

"గడియారం జేబులో పెట్టుకోరా. పప్పును తొందర పెట్టకూడదు" అన్నాడు భీమసేనరావు.

పప్పు కలుపుకుంటుండగా మా వీధి చివర మలుపు తిరుగుతూ మంత్రాలయం బస్సు హారను కొట్టింది. ఎవరూ తల ఎత్తలేదు. ఆ తర్వాత మిరియాల చారు వచ్చింది. మంట ఇంకా ఉంది. ఆ మంటను వృథా చేయడం మహాపాపమని పెద్దాయనే తీర్పు చెప్పి, బెల్లం ఉందా అని అడిగాడు. పాయసం ఉడికే లోపల పొయ్యి ఎట్లా కూరారో, రోకలి ఎప్పుడు లాగాలో, ఎన్ని గంటలు మండుతుందో, కూర్చున్నచోటు నుంచే విచారించాడు. దేవకి ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూ వడ్డించింది. తొమ్మిదింబావుకు ఆయనే చేయి చాచి, "ఇక నీళ్ళు పోయమ్మా" అన్నాడు. ఆమె అరచేతిలో నీళ్ళు పోసింది.

రెండుంబావు గంటలు చాపకు అంటుకొని ఉన్న పెద్దాయన కాళ్ళు లేవలేదు. వాదిరాజ ఒక రెక్క పట్టుకొని లేపవలసి వచ్చింది.

"నలభై ఏళ్ళలో మంత్రాలయంలో ఎన్ని వందల పంక్తులకు వడ్డించినానో నాకే తెలియదు. నన్ను ఇంతసేపు ఆకు ముందు కట్టేసిన మనిషి ఇంతవరకు లేదు" అన్నాడు.

పదకొండు గంటల బస్సుకు టాంగా వచ్చింది. భీమసేనరావు ఉత్తరీయం సర్దుకొని గడప దాకా వచ్చి ఆగాడు. తాడు కట్టిన ట్రంకుపెట్టె అక్కడే ఉంది. దాని మీద ఆయన గొడుగు ఉంది. దేవకి పక్కన నిలబడి ఉంది. వాదిరాజ గడియారం జేబులో నుంచి తీయలేదు. ఆయన వంగి గొడుగు తీసుకున్నాడు.

"ఈ పెట్టె దారికి అడ్డంగా ఉందమ్మా, లోపల పెట్టుకో" అని టాంగా ఎక్కాడు.

మూడో రోజుకు యుద్ధం ముగిసిందని పత్రికలు పెద్ద అక్షరాలతో వేశాయి. కిరసనాయిలు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం రాలేదు. ఇది కూడా ఆ తొమ్మిది పుస్తకాలలో లేదు. దేవకి పేరు ఆదోని కార్డులోకి ఎక్కింది మొదటి బిడ్డ పుట్టిన తర్వాత. సర్కారు దృష్టిలో ఆ బిడ్డ కూడా కొన్నాళ్ళు తల్లితో పాటు ఎమ్మిగనూరులో ఉంది. ఆ అర్జీల నకళ్ళు వేరే కట్టగా ఉన్నాయి, అడిగినవారికి చూపిస్తాను. నాలుగో నిబంధనను మరుసటి ఒప్పందంలో కొట్టేశాను, దూలాలు ఎట్లాగూ నల్లబడ్డాయి కనుక. వాదిరాజ దంపతులు ఇప్పుడు సొంత ఇంట్లో ఉన్నారు. మొన్న గ్యాసు సిలిండరు కూడా వచ్చింది. పొట్టు పొయ్యి మాత్రం పెరట్లో ఉంది, స్నానాలకు నీళ్ళు దానిమీదనే కాగుతాయి.

నా కట్టలో అన్నింటికంటే పైన ఉన్నది మాత్రం ఆ జనవరిలో వచ్చిన మరో ఇన్‌లాండ్ ఉత్తరం. ఇది వాదిరాజకు రాసినది కాదు. చిరునామాలోనే, "చిరంజీవి సౌభాగ్యవతి దేవకికి" అని ఉంది.

"ఇక్కడ కట్టెలకు చాలా ఇబ్బందిగా ఉన్నది. డబ్బా ఎత్తు ఎంత, కంత ఎన్ని అంగుళాలు, రోకలి లావు ఎంత అన్నది వివరంగా రాసి పంపవలెను. వాదిరాజ చేత కొలిపించవద్దు, నీవే కొలువు. పొట్టు మీ వద్ద నుంచి రెండు గోతాలు బస్సు మీద వేయించి పంపగలరు. కడగకుండా పంపవలెను."